నాలుగక్షరాల్లో నేనెంత?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రెండు సంచికల కిందట "నా స్వభావానికి ఏ పని నప్పుతుంది?" అని ఒకరడిగితే చిన్న జవాబు రాశాను. ఆ తర్వాత అదే విషయం మీద ఉత్తరాలు వరసకట్టాయి. చాలామంది నెట్‌లో ఏదో ఒక పర్సనాలిటీ టెస్ట్ రాసి, వచ్చిన ఫలితాన్ని ఉత్తరంలో పెట్టి పంపారు. ఈసారి ఈ పేజీలు వాటికే. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. నాకు ఇరవై ఆరేళ్లు. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాను. పోయిన నెల ఆఫీసులో అందరి చేతా ఒక పర్సనాలిటీ టెస్ట్ రాయించారు. నాకు ఐఎస్‌టీజే అని వచ్చింది. అప్పటి నుంచి మా టీమ్ లీడ్ నన్ను క్లయింట్ కాల్స్‌కి పిలవడం మానేశారు. "నువ్వు ఇంట్రోవర్ట్‌వి కదమ్మా, నీకెందుకు ఇబ్బంది" అంటారు. మొదట హమ్మయ్య అనుకున్నాను, తర్వాత బాధేసింది. మా దగ్గర కాల్స్‌లో కనిపించేవాళ్లకే ప్రమోషన్లు వస్తాయి. కాల్స్ రాత్రి ఏడున్నరకి మొదలవుతాయి, అవి అయ్యేసరికి నిజంగానే నీరసం వచ్చేస్తుంది. వారం తర్వాత అదే టెస్ట్ ఇంట్లో మళ్లీ రాస్తే చివరి అక్షరం మారిపోయింది. ఇంతకీ నేను ఎలాంటి మనిషిని మేడమ్?

జవాబు: తల్లీ, నీ ఉత్తరం సఖినేటిపల్లి రేవులో పంటు కోసం కూర్చున్నప్పుడు రెండోసారి చదివాను. "మొదట హమ్మయ్య అనుకున్నాను, తర్వాత బాధేసింది" అన్న చోట ఆగిపోయాను. నీ గురించి ఆ టెస్ట్ చెప్పినదానికంటే ఆ ఒక్క వాక్యం ఎక్కువ చెప్పింది. కాల్ అంటే నీకు శ్రమ ఉంది. కాల్ వద్దని మాత్రం నీకు లేదు. మీ లీడ్ ఈ రెండిటినీ కలిపేశారు.

ముందు ఆ అక్షరాల పుట్టుక చెబుతాను. స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో మనుషుల స్వభావాల మీద పెద్ద పుస్తకం రాశాడు. అంతర్ముఖులు (ఇంట్రోవర్టులు), బహిర్ముఖులు (ఎక్స్‌ట్రోవర్టులు) అనే మాటలు లోకమంతా పాకింది అక్కడి నుంచే. ఆ ఆలోచనలు అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ అనే తల్లీకూతుళ్లకు బాగా పట్టాయి. ఇద్దరికీ సైకాలజీలో పట్టాలు లేవు, పట్టుదల మాత్రం ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడి ఆడవాళ్లు పెద్దఎత్తున ఫ్యాక్టరీ పనుల్లోకి వస్తుంటే, ఎవరికి ఏ పని హాయిగా ఉంటుందో వాళ్లే తెలుసుకునేలా ప్రశ్నలు తయారు చేయాలని కూతురు కూర్చుంది. అదే మైయర్స్-బ్రిగ్స్ పరీక్ష (ఎంబీటీఐ). దాని మొదటి మాన్యువల్ 1962లో వచ్చింది. నాలుగు జతల అక్షరాలు, ఒక్కో జతలోంచి ఒకటి తీసుకుంటే పదహారు రకాల మనుషులు. మీ ఆఫీసులో రాయించింది అసలు పరీక్ష అయినా, ఆ పద్ధతిలో నెట్‌లో దొరికేది అయినా అక్షరాలు అవే.

"ఐ" అంటే నలుగురిలో కంటే ఒంటరిగా ఉన్నప్పుడు తేరుకునే మనిషి. "ఎస్" అంటే ఊహ కంటే కళ్ల ముందున్న వివరాన్ని నమ్మే మనిషి. "టీ" అంటే నిర్ణయం దగ్గర లెక్కకే పెద్దపీట వేసే మనిషి. "జే" అంటే పనిని ముందే వరస పెట్టుకుని, ముగిస్తే గాని నిద్రపట్టని మనిషి. రెండోసారి అది "పీ" అయి ఉంటుంది. అంటే ఏదీ ముందే ఖాయం చేసుకోకుండా అప్పటికప్పుడు చూసుకునే మనిషి.

మరి వారంలో నువ్వు మారిపోయావా? లేదమ్మా. గోడ మీద ఐదడుగుల రెండంగుళాల దగ్గర ఒక గీత గీసి, పైన ఉన్నవాళ్లంతా పొడుగు, కింద ఉన్నవాళ్లంతా పొట్టి అన్నామనుకో. గీత పక్కనే ఉన్న అమ్మాయి చెప్పులు వేసుకుంటే పొడుగు, విప్పితే పొట్టి అవుతుంది. అమ్మాయి అదే, ఎత్తూ అదే. చాలామంది ఇలాంటి గీతల దగ్గరలోనే ఉంటారు. అందుకే ఈ టెస్ట్ మళ్లీ రాస్తే ఏదో ఒక అక్షరం మారడం మామూలే. ఇప్పుడు పరిశోధకులు ఎక్కువగా నమ్మే "బిగ్ ఫైవ్" పద్ధతిలో గీతలుండవు, కొలబద్ద ఉంటుంది. కొత్తదనం మీద ఆసక్తి, పనిలో క్రమం, జనంతో ఉత్సాహం, నలుగురితో సర్దుకుపోవడం, కలవరపడటం అనే ఐదు గుణాలు ఒక్కొక్కరిలో ఎంత మోతాదులో ఉన్నాయో చూస్తారు. 1991లో బ్యారిక్, మౌంట్ అనే ఇద్దరు అంతకుముందు జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి చూశారు. వాళ్లు పరిశీలించిన ఉద్యోగాలన్నిటిలోనూ మంచి పనితీరుతో నిలకడగా ముడిపడి కనిపించింది పనిలో క్రమం, బాధ్యత ఉన్న గుణమే. నీ ఉత్తరంలో ఏది ఎప్పుడు జరిగిందో పొల్లుపోకుండా ఉంది. ఆ గుణం నీలో దండిగా ఉందని నా నమ్మకం.

ఇంకో సంగతి. ఆ అసలు పరీక్షను నడిపే సంస్థే, ఉద్యోగంలోకి తీసుకోవడానికి గాని, ఎవరికి ఏ పని ఇవ్వాలో తేల్చడానికి గాని దీన్ని వాడొద్దని చెబుతోంది. మీ లీడ్‌కి ఇది తెలిసి ఉండకపోవచ్చు. ఆయన మంచి మనసుతోనే అలా చేసి ఉంటారు. అదే పని నేనూ చేశాను. నేను కాలేజీలో ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు కొత్తగా చేరిన ఒక లెక్చరర్ స్టాఫ్‌రూములో పెదవి విప్పేవాడు కాదు. క్లాసులో ఇబ్బందిపడుతున్నాడేమోనని, అతన్ని అడక్కుండానే సగం పీరియడ్లు తీసేసి పరీక్షల విభాగం అప్పగించాను. మార్కుల రిజిస్టర్లు అద్దంలా ఉంచేవాడు. సరైన మనిషికి సరైన పని ఇచ్చాననుకున్నాను. ఆరేళ్ల తర్వాత వేరే కాలేజీకి వెళ్లిపోతూ, "పాఠం చెబుదామనే ఈ ఉద్యోగంలోకి వచ్చానండీ" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఒక్కసారి పిలిచి అడిగి ఉంటే సరిపోయేది. ఇప్పటికీ అది నా మనసులో ముల్లులా ఉంది.

నీ విషయంలో ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. అంతర్ముఖత వేరు, బిడియం వేరు. నలుగురిలో గడిపి వచ్చాక అలసట కమ్మితే అది అంతర్ముఖత. నలుగురిలోకి వెళ్లకముందే "ఏమనుకుంటారో" అని గుండె దడదడలాడితే అది బిడియం. మొదటిదానికి విశ్రాంతి కావాలి, రెండోదానికి అలవాటు కావాలి. బిడియం ఉన్న మనిషిని జనానికి దూరంగా ఉంచితే అది ఇంకా ముదురుతుంది. నువ్వు రాసింది కాల్ అయ్యాక వచ్చే నీరసం గురించి. కాల్‌కి ముందు టెన్షన్ గురించి ఒక్క మాటా రాయలేదు.

మా అమ్మ సంగతి చెబుతాను. మా పుట్టిల్లు నరసాపురం పక్క ఊరు. అమ్మ లేసు అల్లేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఐదారుగురు ఆడవాళ్లు మా వీధరుగు మీదకి చేరేవారు. దారపుండ దొర్లిపోకుండా చిన్న గిన్నెలో వేసుకుని, ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. మాట ఆగేది కాదు, చెయ్యీ ఆగేది కాదు. పదేళ్లప్పుడు నన్నూ కూర్చోబెట్టారు. పక్కన ఎవరైనా మాట్లాడితే చాలు, నాకు కుట్ల లెక్క తప్పిపోయేది. పువ్వుకు ఎనిమిది రేకులు రావలసిన చోట ఏడే వచ్చేవి. విప్పడం, మళ్లీ అల్లడం. ఒకావిడ "దీనికి లేసు రాదు" అని తేల్చేసింది. అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు నా గిన్నె, దారం, సూది తీసుకెళ్లి పెరటి వసారాలో పెట్టింది. అక్కడ కొబ్బరాకుల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. సాయంత్రానికి మూడు పువ్వులు తప్పు లేకుండా వచ్చాయి. పువ్వులన్నీ పోగయ్యాక అతుకుపని ఉంటుంది. ఏ పువ్వు పక్కన ఏది పెట్టాలి, ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి అన్నది నలుగురూ చూసి మాట్లాడుకోవాలి. దానికి మాత్రం అమ్మ నన్ను అరుగు మీదకే పిలిచేది. నేను వెళ్లేదాన్ని, మాట్లాడేదాన్ని. అల్లికకు పెరడు, అతుకుకు అరుగు. పిల్ల ఒకటే.

నీ కాల్స్ అరుగు మీది పని. దానికి ముందు నీకు పెరడు దొరకడం లేదు. పొద్దుటి నుంచి మెసేజ్‌లు, మీటింగులు, మధ్యలో ఇంటి పని, ఆ పైన ఏడున్నరకి కాల్. మన డెల్టాలో దాళ్వాకి, అంటే రెండో వరి పంటకి, నీళ్లు చాలనప్పుడు వంతులు పెడతారు. పెట్టకపోతే కాలువ మొదట్లో ఉన్న చేలే తడుస్తాయి, శివారు చేలు నెర్రెలిస్తాయి. నీ రోజుకు శివారులో ఉన్నది ఆ కాల్. వంతు పెట్టుకో. కాల్ ఉన్న రోజు ఆరు నుంచి ఏడు వరకు ఫోను, లాప్‌టాప్ రెండూ పక్కన పెట్టి, చెప్పవలసిన నాలుగు విషయాలు కాగితం మీద చేత్తో రాసుకో. పది రోజుల పాటు రాత్రి పడుకునే ముందు రెండే మాటలు రాయి: ఈ రోజు ఏ పనిలో టైము తెలియలేదు, ఏ పని తర్వాత కూలబడ్డాను. నీకు పదిహేడో రకం బయటపడినా ఆశ్చర్యపోను.

లీడ్‌తో ఇలా చెప్పు: "సార్, కాల్స్‌లో నేనుంటాను. ఏం మాట్లాడబోతున్నామో ముందురోజు పంపండి. నా భాగం మొదటి పది నిమిషాల్లో నేనే చెబుతాను." ఆయన కాదంటారని నేననుకోను.

ప్రశ్న: తణుకులో బ్యాంకు ఉద్యోగిని. వారఫలాలు చదివినా, నెట్‌లో టెస్ట్ రాసినా, ఎవరో నన్ను చూసి రాసినట్టే ఉంటుంది. అంత కచ్చితంగా ఎలా సరిపోతాయి?

జవాబు: సరిపోయేలా రాస్తారండి. 1948లో అమెరికాలో బెర్ట్రామ్ ఫోరర్ అనే సైకాలజీ అధ్యాపకుడు తన 39 మంది విద్యార్థుల చేత ఒక పరీక్ష రాయించాడు. వారం తర్వాత ఒక్కొక్కరికీ "ఇది నీ వ్యక్తిత్వం" అని ఒక కాగితం ఇచ్చి, ఎంతవరకు నిజమో ఐదుకు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని వాక్యాలు కొట్లో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి తీసుకున్నవి. "నలుగురూ మెచ్చుకోవాలని మీకుంటుంది, అయినా మిమ్మల్ని మీరే ఎక్కువగా తప్పుపట్టుకుంటారు" లాంటి మాట ఎవరికి సరిపోదు చెప్పండి?

ఈసారి మీ ఫలితం వచ్చినప్పుడు దాన్ని మీ పక్క కౌంటరు ఆవిడకు "ఇది మీది" అని చూపించి చూడండి. ఆవిడా అవునంటే ఆ కాగితంలో మీ గురించి ప్రత్యేకంగా ఏమీ లేనట్టే. ఆవిడ "ఇది నేను కానే కాదు" అన్న వాక్యాలు ఒకటో రెండో ఉంటే, వాటి కింద గీత పెట్టుకోండి. వాటిమీద ఆలోచిస్తే ఉపయోగం ఉంది.

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర ఊరు. మావారు ముప్పై ఏళ్లుగా రొయ్యల చెరువులు చేస్తున్నారు. మా అబ్బాయి పీజీ చేసి మూడేళ్ల కిందట వచ్చి ఆయనతో కలిశాడు. వాడికి ప్రతిదీ లెక్క. మేత, ఆక్సిజన్, కరెంటు అన్నీ ఫోనులో ఎక్కిస్తాడు. ఆయన కాగితం ముట్టరు, గట్టు మీద నిలబడి నీళ్ల రంగు చూసి చెబుతారు. మబ్బు పట్టిందంటే మేత ఆపమంటారు, వాడు చార్టు ప్రకారం వేయాలంటాడు. మొన్న పనివాళ్ల ముందే అరుచుకున్నారు. "నాన్నది పిరికి స్వభావం" అని వాడు, "వీడికి పుస్తకమే గాని చెరువు కనపడదు" అని ఆయన. మధ్యలో నేను నలిగిపోతున్నాను. స్వభావాలు కలవనివాళ్లు ఒకే పని చేయగలరా?

జవాబు: అమ్మా, చేయగలరు. చెరువు లాంటి పనికి ఇద్దరూ కావాలి కూడా. మా తమ్ముడికి, అంటే మా చిన్నాన్న కొడుక్కి, కైకలూరు వైపు చెరువులున్నాయి. ఒకసారి తెల్లవారుజామున నాలుగింటికి అతనితో గట్టు మీదకి వెళ్లాను. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల హోరులో మాట వినపడటం లేదు. అతను తాడు పట్టుకుని, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగాడు. టార్చి వెలుగులో రొయ్యలు మిటమిట ఎగిరాయి. ఒకదాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకు అడ్డంగా పెట్టి చూపించాడు. వీపు పొడవునా నల్లటి గీత, అంటే పేగు నిండుగా ఉంది, తింటోంది. ట్రేలో మిగిలిన మేతను వేలితో నలిపి వాసన చూశాడు. అదే సమయానికి వాళ్లబ్బాయి పక్క గట్టు మీద ఆక్సిజన్ మీటరు నీళ్లలో ముంచి అంకె చదువుతున్నాడు. ఇద్దరూ చూస్తున్నది ఒకే చెరువు. ఒకరు వేలితో, ఒకరు మీటరుతో.

ఇప్పుడు మీవారి "పిరికితనం" సంగతి. ముప్పై ఏళ్లంటే ఆయన టైగర్ రొయ్యతో మొదలుపెట్టి ఉంటారు. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు వచ్చి మన జిల్లాల్లో చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పుడు పెంచే వనామీ రకం రొయ్యకి మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. ఆ మధ్యకాలం ఇళ్లు ఎలా నడిచాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మబ్బు చూడగానే ఆయన గుండె జారిందంటే అది పుట్టుకతో వచ్చిన స్వభావం అనుకోకండి. ఒకసారి మునిగినవాళ్లకు నీటి మీద ఉండే ఎరుక అది. మనుషుల గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అనుభవం నేర్పినదాన్ని స్వభావం అనేస్తాం. ఆ రోజుల కథ మీ అబ్బాయికి ఆయన నోటితో పూర్తిగా చెప్పించండి. పిల్లలకు "అప్పుడు నష్టం వచ్చింది" అని మాత్రమే తెలుస్తుంది. ఏ రోజు ఏం చూశారు, ఎంత అప్పు మిగిలింది, ఏం అమ్ముకున్నారు అన్నది తెలియదు.

పైగా మబ్బు విషయంలో ఆయన చెప్పేదానికి శాస్త్రమూ తోడుంది. నీళ్లలోని నాచు పగటి వెలుగులో ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు తీసుకుంటుంది. అందుకే తెల్లవారే ముందు చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. రోజంతా మబ్బు ఉంటే పగటి నిల్వే తక్కువ, ఆ రాత్రి ఇంకా పడిపోతుంది. రొయ్య తిండి తగ్గిస్తుంది, వేసిన మేత అడుగున కుళ్లి ఉన్న ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. మీ అబ్బాయికి ఈ సంగతి చదువులో వచ్చే ఉంటుంది. తండ్రి ఆజ్ఞగా చెబుతుంటే అది వాడికి శాస్త్రంలా వినపడటం లేదు.

అలాగని అబ్బాయి లెక్కల్ని తక్కువ చేయొద్దు. నీళ్ల రంగు చూసి చెప్పగలిగే చూపు ఒక చెరువుకో రెండు చెరువులకో సరిపోతుంది. ఎనిమిది చెరువులైతే ఏ మనిషి గుర్తుంచుకుంటాడు? ఏ చెరువులో ఎప్పుడు రొయ్యపిల్ల వేశారు, ఇప్పటికి ఎంత మేత పోయింది, ఏ కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు) వచ్చింది అన్నది రాసుంటేనే రొయ్యలు పట్టే రోజున నిజం తెలుస్తుంది.

ఒక పని చేయించండి. ఒక నోటుపుస్తకం కొని గట్టు మీది షెడ్డులో వేలాడదీయండి. తెల్లవారుజామున మీటరు ముంచే ముందు మీవారు ఒక అంకె చెప్పాలి, అబ్బాయి అది రాసుకోవాలి. తర్వాత మీటరు చెప్పిన అంకె పక్కన రాయాలి. ఆక్సిజన్ లీటరుకు నాలుగు మిల్లీగ్రాములకు పైన ఉందా కింద ఉందా అన్నంత వరకు చెప్పినా చాలు. అలా ఇరవై రోజులు. ఆయన చూపు ఎక్కడ నిక్కచ్చిగా ఉందో, ఎక్కడ తప్పుతోందో ఇద్దరికీ కనిపిస్తుంది. మా తమ్ముడి దగ్గర ఇది చేశారు. తండ్రి అంచనా ఎండ రోజుల్లో కొంచెం తేడా వచ్చేది, మబ్బు రోజుల్లో దాదాపు సరిపోయేది. ఆ తర్వాత కొడుకు మబ్బు రోజున ముందు తండ్రిని అడిగి, అప్పుడు చార్టు తీయడం మొదలుపెట్టాడు.

మేతకు ఒక కట్టుబాటు పెట్టుకోమనండి. తగ్గిద్దామని ఇద్దరిలో ఏ ఒక్కరు అన్నా తగ్గించాలి. పెంచాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒక పూట మేత తగ్గితే రొయ్యకు వచ్చే నష్టం కొంచెమే, ఎక్కువైతే పంటే పోవచ్చు. పనివాళ్ల ముందు వాదన ఉండకూడదన్నది మీరు పెట్టవలసిన కట్టుబాటు. మీరు పెడితేనే అది నిలబడుతుంది.

మీకో మాట. ఆయన అన్నది వాడికి, వాడు అన్నది ఆయనకి మోసుకెళ్లడం ఈ రోజు నుంచే మానేయండి. "నువ్వే వెళ్లి చెప్పు" అని టీ గ్లాసు చేతికివ్వండి.

ప్రశ్న: రావులపాలెం దగ్గర ఉంటాను. బీకాం అయింది. ఎరువుల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం వచ్చింది. ఊళ్లు తిరిగి రైతులతో, డీలర్లతో మాట్లాడాలి. నేను మాటకారిని కాను. టెస్ట్‌లో కూడా అటూ ఇటూ కాకుండా మధ్యలో వచ్చాను. ఇంట్లో అందరూ "నీ వల్ల కాదురా" అంటున్నారు. చేరమంటారా?

జవాబు: చేరు బాబూ. అటూ ఇటూ కాకుండా వచ్చాననుకుంటున్నావు గాని, ఈ ఉద్యోగానికి అదే మంచి చోటు. అమెరికాలో ఆడమ్ గ్రాంట్ అనే ప్రొఫెసర్ ఫోనులో అమ్మకాలు చేసే 340 మంది స్వభావాలు కొలిచి, మూడు నెలల అమ్మకాలతో పోల్చి చూశాడు. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఎక్కువ తెచ్చింది బాగా కలివిడిగా ఉండేవాళ్లూ కాదు, బాగా ముభావంగా ఉండేవాళ్లూ కాదు. మధ్యలో ఉన్నవాళ్లు. చెప్పవలసిన చోట చెబుతారు, వినవలసిన చోట ఆగుతారు.

నమ్మకం కుదరకపోతే ఒక పొద్దున్నే మీ ఊరి అరటి మార్కెట్‌కి వెళ్లి గంటసేపు నిలబడు. గొంతు పెంచి బేరమాడేవాళ్లు కనిపిస్తారు. వాళ్ల పక్కనే గెలను పట్టుకుని, కాయ మీద వేలు నొక్కి చూసి, "ఏ తోటండి, ఎన్నాళ్లయింది నీళ్లు పెట్టి?" అని రెండు ప్రశ్నలు అడిగి ఊరుకునేవాళ్లూ ఉంటారు. రైతు వాళ్ల దగ్గర నిజం చెబుతాడు. రైతుకు తన తోట గురించి అడిగేవాళ్లు కావాలి. కంపెనీ గురించి చెప్పేవాళ్లు రోజుకు నలుగురు వస్తారు.

మాట రాదన్న భయం నీకు ఎక్కువగా తగిలేది మొదటి నిమిషంలోనే. ఆ నిమిషానికి ఒక మాట సిద్ధం చేసుకో. "ఆయ్, నమస్కారమండి, పోయిన ఏడాది ఈ చేలో ఏం వేశారండి?" చాలు. అక్కడి నుంచి ఆయనే మాట్లాడతాడు. రోజుకు ఇరవైమందిని కలవమని పై అధికారి అంటే, ఉదయం పన్నెండుమందిని చూసుకో. మధ్యాహ్నం ఏ చెట్టు కిందైనా ఒక అరగంట ఒక్కడివే భోంచేసి, మిగతా ఎనిమిదిమంది దగ్గరకు వెళ్లు. డీలర్ల కొట్లు సాయంత్రం రద్దీగా ఉంటాయి, వాళ్లను పొద్దున్నే కలిస్తే నీకూ వాళ్లకూ తీరిక.

ఇంటికొచ్చాక ఆ రోజు ఎంతమందితో మాట్లాడావో రాయకు. ఏ ఊళ్లో ఎవరు ఏం అడిగారో రాసుకో. అరటికి ఏ తెగులు అన్నారు, ఏ మందు పనిచేయలేదన్నారు, ఎవరింట్లో పెళ్లి ఉంది. రెండోసారి ఆ ఊరు వెళ్లే ముందు ఆ పేజీ చదువుకుని వెళ్లు. మూడు నెలలయ్యాక ఆ పుస్తకం ముందు పెట్టుకుని నాకు మళ్లీ ఉత్తరం రాయి. ఎన్ని బస్తాలు అమ్మావన్నది తర్వాత చెప్పొచ్చు, ఎంతమంది రైతులు నిన్ను పేరు పెట్టి పిలుస్తున్నారో ముందు రాయి.